పాత ఫోటోలు, కొత్త ప్లగిన్లు

(జగదల్‌పూర్‌లో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సుబేదార్ సాబ్, కంప్యూటర్‌లో ఫోటోలు బాగుచేసే ప్లగిన్లు ఎలా ఎక్కించుకోవాలో మనవాళ్లకు ఒక అరగంట చెప్పండి" అన్నారు. నేను ఇంటర్మీడియట్ చదివినవాణ్ణి. ఉపన్యాసాలు నాకు రావు. రిక్రూట్లకు క్లాసులు చెప్పిన అలవాటు మాత్రం ఉంది. కనుక క్లాసులాగానే చెబుతాను. నిద్ర వచ్చినవాళ్లు లేచి వెనక నిలబడవచ్చు, అది మన పాత పద్ధతే.

ముందు నా సంగతి రెండు మాటలు. 1988లో విజయనగరం నుంచి వెళ్లి సైన్యంలో చేరాను. జబల్‌పూర్‌లో సిగ్నల్స్ శిక్షణ. ముప్పై ఏళ్లు వైర్లు, రేడియో సెట్లు, తర్వాత కంప్యూటర్లు చూసుకుని 2018లో సుబేదార్‌గా బయటికి వచ్చాను. మా మామగారు బైలాదిల్లా ఇనుప గనుల్లో పనికి కిరండూల్ వచ్చి స్థిరపడిన మనిషి. 1960లలో గనుల కోసం కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలు మార్గం వేశారు కదా, ఆ పట్టాల వెంబడే మన ఉత్తరాంధ్ర జనం చాలామంది ఇటు వచ్చారు. ఆ బంధుత్వంతోనే నేనూ జగదల్‌పూర్ చేరి చిన్న ఫోటో దుకాణం పెట్టుకున్నాను. పాస్‌పోర్టు సైజు ఫోటోలు, లామినేషన్, పెన్షన్ కాగితాలకు భార్యాభర్తల జాయింట్ ఫోటోలు, వీటితోపాటు పాత ఫోటోలు బాగుచేసే పని.

బస్తర్‌లో ఆ పనికి కరువు లేదు. ఇక్కడి వాన సంగతి మీకు తెలుసు. నాలుగు నెలలు గోడల తడి ఆరదు. ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది, బూజు పడుతుంది. గనుల ఊళ్లలో అయితే ఫ్రేము సందుల్లోంచి ఎర్ర దుమ్ము దూరుతుంది. 1980ల నాటి రంగు ఫోటోల్లో నీలి ఛాయ ముందుగా వెలిసిపోయి మొహాలన్నీ ఎర్రబడి ఉంటాయి. చేతితో సరిచేయాలంటే ఒక్కో ఫోటోకు రెండు రోజులు పడుతుంది. సరైన ప్లగిన్ ఉంటే పూటలో అయిపోతుంది. అందుకే జనం ప్లగిన్ల వెంట పడతారు. నేనూ పడ్డాను. రెండుసార్లు దెబ్బ తిన్నాను. ఆ రెండు దెబ్బలూ చెప్పడానికే ఈ క్లాసు ఒప్పుకున్నాను.

ప్లగిన్ అంటే ఏమిటి? మన భాషలో చెప్పాలంటే అటాచ్‌మెంట్. పదాతి దళం ఒక పని మీద వెళ్లేటప్పుడు దానికి ఒక ఇంజనీర్ల టుకడీనో, సిగ్నల్స్ డిటాచ్‌మెంటునో అటాచ్ చేస్తారు. వాళ్లు ఆ పటాలం లంగరులోనే తింటారు, దాని హుకుం కిందే పని చేస్తారు, కానీ వాళ్ల విద్య వేరు. ఫోటోషాప్, గింప్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ పటాలం. ప్లగిన్ దానికి అటాచ్ అయిన టుకడీ. సాఫ్ట్‌వేర్ తెరుచుకునేటప్పుడు తన ప్లగిన్ల ఫోల్డర్‌లో ఎవరెవరున్నారో హాజరు తీసుకుంటుంది. ఉన్నవాళ్ల పేర్లు మెనూలో చేర్చుకుంటుంది. మనం పేరు నొక్కగానే ఫోటోను ఆ ప్లగిన్ చేతికిస్తుంది, అది తన పని చేసి తిరిగి ఇస్తుంది. అంతే.

ఫోటోషాప్ 1990లో వచ్చింది. అమెరికాలో థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు మొదలుపెట్టిన పని. అది డబ్బు పెట్టి కొనుక్కునేది. గింప్‌ను 1996లో బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఇద్దరు బయటపెట్టారు. అది పూర్తిగా ఉచితం. మన పెన్షన్‌కు గింప్ చాలు. నా పనిలో ఎక్కువ భాగం దాని మీదే.

ఇక ఎక్కించే పద్ధతి. ప్లగిన్లు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి, ఇన్‌స్టాలర్‌తో వచ్చేది. డబుల్ క్లిక్ చేస్తే తన చోటు తానే వెతుక్కుని కూర్చుంటుంది. రెండోది, ఉత్త ఫైలు. దాన్ని మనమే తీసుకెళ్లి సరైన ఫోల్డర్‌లో పెట్టాలి. ఫోటోషాప్‌లో అయితే సి డ్రైవ్, ప్రోగ్రామ్ ఫైల్స్, అడోబీ, ఫోటోషాప్, ఆ లోపల ప్లగిన్స్ ఫోల్డర్. పాత రకం ఫిల్టర్ ప్లగిన్ ఫైలు పేరు చివర డాట్ 8బిఎఫ్ అని ఉంటుంది. గింప్‌లో అయితే ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో ఫోల్డర్స్, అందులో ప్లగిన్స్ అని చూస్తే దారి అదే చూపిస్తుంది. ఆ చూపించిన చోట పెట్టి గింప్‌ను ఒకసారి మూసి తెరవాలి. తెరవకపోతే హాజరు పట్టీలో పేరు ఎక్కదు. చాలామంది ఇక్కడే "పని చేయడం లేదు సాబ్" అంటారు.

తెరిచినా పేరు కనిపించకపోతే మూడు సంగతులు చూడండి. మొదటిది బిట్లు. 64 బిట్ ఫోటోషాప్ 32 బిట్ ప్లగిన్‌ను తీసుకోదు. ఎస్.ఎల్.ఆర్. 7.62 గుండును ఇన్సాస్‌లో పెట్టలేం కదా, ఇదీ అంతే. రెండోది వెర్షన్. 2025 మార్చిలో గింప్ 3.0 వచ్చింది. అంతకుముందు గింప్ 2.10 కోసం పైథాన్‌లో రాసిన ప్లగిన్లు మార్చకుండా దీంట్లో నడవవు. పైగా 3.0లో ప్రతి ప్లగిన్‌కూ దాని పేరుతోనే ఒక సొంత ఫోల్డర్ ఉండాలి. బయట విడిగా పడేస్తే పలకదు. మూడోది, లినక్స్ వాడేవాళ్ల కోసం. ఫైలు ప్రాపర్టీస్‌లో దానికి నడిచే అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే సెంట్రీ ముందు గుర్తింపు కార్డు లేని మనిషిలాగా అక్కడే నిలబడిపోతుంది.

కొత్త ప్లగిన్ పెట్టాక ఫోటోషాప్ అసలు తెరుచుకోకుండా కూలిపోతోందా? షిఫ్ట్ నొక్కి పట్టుకుని తెరవండి. బయటి ప్లగిన్లను వదిలేసి తెరవమంటావా అని అడుగుతుంది. అవును అనండి. తెరుచుకుందంటే తప్పు ప్లగిన్‌దే. గింప్‌లో ఈ బాధ తక్కువ. అక్కడ ప్లగిన్ విడిగా నడుస్తుంది కనుక అది కూలినా సాధారణంగా గింప్ నిలబడుతుంది.

ఇప్పుడు నా మొదటి దెబ్బ. 2019లో దుకాణం కొత్త. పెళ్లి ఫోటోల్లో చర్మాన్ని నునుపుగా చేసే ప్లగిన్ ఒకటి కావాలి. కొనాలంటే వేలల్లో ఉంది. తెలిసిన కుర్రాడొకడు ఒక చోటు చూపించి "ఇక్కడ ఫ్రీ, అంకుల్" అన్నాడు. దించుకున్నాను. దాంతోపాటు ఒక చీటీ ఫైలు వచ్చింది. "ముందు యాంటీవైరస్ ఆపండి, తర్వాత ఇన్‌స్టాల్ చేయండి" అని ఉంది. ముప్పై ఏళ్లు సిగ్నల్స్‌లో చేసినవాణ్ణి, నాకు ఆ మాటే అనుమానం రావాలి. సెంట్రీని నిద్రపుచ్చి గేటు తెరవమని అడిగేవాడు మిత్రుడెలా అవుతాడు? కానీ ఆశ కళ్లు కప్పేసింది. ఆపాను, ఎక్కించాను. ప్లగిన్ భేషుగ్గా పని చేసింది కూడా. రెండు రోజుల తర్వాత పొద్దున కంప్యూటర్ తెరిస్తే ఒక్క ఫోటో తెరుచుకోలేదు. అన్నిటికీ తాళం. డబ్బు కట్టమని తెర మీద బెదిరింపు. బ్యాకప్ పెట్టుకున్న హార్డ్ డిస్క్ కూడా ఆ సమయంలో కంప్యూటర్‌కే తగిలించి ఉంది, దానికీ తాళం పడింది. మూడు పెళ్లిళ్ల ఫోటోలు పోయాయి. ఆ మూడు ఇళ్లకూ వెళ్లి చేతులు కట్టుకుని చెప్పాను. ఒక ఇంట్లో పెళ్లికూతురి తాతగారు పెళ్లయిన నెలకే పోయారు. ఆయన ఆఖరి ఫోటోలు అవే. ఆ ఇంటివాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అప్పటినుంచి నా దగ్గర స్టాండింగ్ ఆర్డర్ ఒకటుంది. మనం గేటు దగ్గర ఏమంటాం? "థమ్! కౌన్ ఆతా హై?" ప్లగిన్‌నూ అలాగే ఆపి అడగాలి. ఎక్కడినుంచి వస్తున్నావు? తయారుచేసినవాళ్ల సొంత సైటు నుంచే దించుకోవాలి. క్రాక్, కీజెన్ అనే పేర్లు కనిపిస్తే వెనక్కి తిరగాలి. దారిలో ఎవరైనా నిన్ను మార్చారా? చాలామంది తయారీదార్లు ఫైలు పక్కనే ఎస్.హెచ్.ఏ. 256 అని ఒక పొడుగాటి అంకెల, అక్షరాల వరస ఇస్తారు. అది ఆ ఫైలు వేలిముద్ర. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే ఆదేశంతో మన దగ్గరికి వచ్చిన ఫైలు వేలిముద్ర తీయవచ్చు. రెండూ అక్షరం తేడా లేకుండా కలవాలి. వాన రోజుల్లో ఇక్కడ నెట్ మధ్యలో తెగి ఫైలు సగం దిగినా ఈ లెక్కలో దొరికిపోతుంది. ఇక ఆఖరిది: బ్యాకప్ డిస్క్ పని అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టాలి. తగిలించి ఉంచిన బ్యాకప్ బ్యాకప్ కాదు.

ఉచితం కావాలంటే దొంగతనం అక్కర్లేదు. గింప్‌కు జిమిక్ అనే ప్లగిన్ ఉంది. ఫ్రాన్స్‌లోని కాన్ నగరంలో ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు 2008 నుంచి తయారుచేస్తున్నారు. వందల ఫిల్టర్లు, పైసా లేదు. ఫోటో మీద ఇసక చల్లినట్టుండే గరుకుదనం తగ్గించడానికి నేను అదే వాడతాను. ఇంకొకటి రీసింథసైజర్. ఆస్ట్రేలియాలో పాల్ హారిసన్ అనే ఆయన చేసిన పరిశోధన నుంచి వచ్చింది. మచ్చ చుట్టూ గీత గీసి నొక్కితే, చుట్టుపక్కల ఉన్న గోడనో గుడ్డనో చూసి ఆ చోటు నింపుతుంది. 2010లో ఫోటోషాప్ కంటెంట్ అవేర్ ఫిల్ అని గొప్పగా తెచ్చిన సదుపాయం లాంటిది గింప్ వాళ్ల దగ్గర అంతకుముందే ఉంది.

ఇక రెండో దెబ్బ. ఇది వైరస్ వల్ల కాదు. నిజాయితీగా కొన్న ప్లగిన్, సరైన చోటినుంచి దించాను, వేలిముద్ర కలిసింది, చెప్పిన పని చెప్పినట్టు చేసింది. అయినా తప్పు జరిగింది.

2023లో దసరా ముందు కిరండూల్ నుంచి పాసింజర్ రైల్లో ఒక ముసలమ్మ, ఆవిడ కూతురు మా దుకాణానికి వచ్చారు. ఆవిడ భర్త మద్రాస్ రెజిమెంట్ సిపాయి. 1971 యుద్ధంలో పోయాడు. అప్పటికి కూతురు పొత్తిళ్లలో ఉంది. ఆ కూతురి కూతురికి మాఘమాసంలో పెళ్లి. పెళ్లి పందిట్లో తాత ఫోటో పెద్దది పెట్టాలని ఆవిడ కోరిక. ఉన్నది ఒక్కటే ఫోటో. 1970లో సెలవు మీద వచ్చినప్పుడు విశాఖలో స్టూడియోలో తీయించుకున్న పోస్టుకార్డు సైజు బ్లాక్ అండ్ వైట్ బొమ్మ. బూజు తినేసింది, గీతలు పడ్డాయి, ఒక చెంప సగం తెల్లబడిపోయింది.

సాటి సిపాయి పని కదా, గొప్పగా చేసి ఇద్దామనుకున్నాను. ముఖాలను బాగుచేసే కృత్రిమ మేధ ప్లగిన్ అప్పుడే కొత్తగా తెచ్చుకున్నాను. స్కాన్ చేశాను. కనిపించిన గీతలన్నీ రీసింథసైజర్‌తో తుడిచాను. తర్వాత ముఖం మీద ఆ ప్లగిన్ నడిపాను. అరనిమిషంలో కళ్లు తళతళలాడాయి, చర్మం నిగనిగలాడింది. రంగు కూడా అద్దించాను. రెండడుగుల ఫ్రేము కట్టించి పిలిచాను.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "బాగున్నాడు బాబూ" అంది. ఇంకా చూసింది. "కానీ, ఇతను ఎవరు బాబూ?" అని అడిగింది.

నాకు నోట మాట రాలేదు. ఆవిడే మెల్లగా చెప్పింది. "కుడి కనుబొమ్మ మీద గాటేదీ? చిన్నప్పుడు తాటిమట్ట కోసేసింది. ఆ గాటు మీద మరి వెంట్రుక మొలవనేదు." అప్పుడు నా పాత స్కాన్ తీసి పెద్దది చేసి చూశాను. కనుబొమ్మ మధ్యలో సన్నటి తెల్ల గీత ఉంది. ఫోటో మీద గీత అనుకుని నా చేతులతో నేనే తుడిచేశాను. మిగిలింది ఆ ప్లగిన్ పూర్తి చేసింది. టోపీ మీద రెజిమెంట్ ఏనుగు బ్యాడ్జి ఏదో పువ్వులాగా మారిపోయింది. గుండె మీది 1965 మెడల్ రిబ్బన్‌కు దానికి తోచిన రంగు వేసింది. ఇరవై మంది ఫౌజీలకు చూపిస్తే ఇరవై మందీ పట్టుకునే తప్పులు. మెరుపు చూసి నేను పట్టుకోలేదు.

ఎందుకిలా అవుతుంది? ఆ ప్లగిన్‌కు ఆ సిపాయి ఎవరో తెలియదు. వేల వేల ముఖాల ఫోటోలు చూపించి దానికి శిక్షణ ఇచ్చారు. సమాచారం లేని చోట అది సగటు ముఖం ఎలా ఉంటుందో అది గీస్తుంది. బాగుచేయడం కాదు, ఊహించడం. 2020లో అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన ఇలాంటి పల్స్ అనే ప్రోగ్రాముకు ఒబామా మసక ఫోటో ఇస్తే ఒక తెల్లవాడి ముఖం గీసి ఇచ్చింది. ప్రపంచమంతా చూసింది. దేశాధ్యక్షుడి ముఖానికే దిక్కు లేనప్పుడు మన ఉత్తరాంధ్ర సిపాయి ముఖం దానికేం తెలుస్తుంది? రంగు సంగతీ అంతే. బ్లాక్ అండ్ వైట్‌లో రిబ్బన్ రంగు ఎప్పుడో పోయింది. పోయినదాన్ని యంత్రం చెప్పలేదు, పాతవాళ్లనో పుస్తకాన్నో అడగాలి.

మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. అసలు ఫోటోను దీపం కింద వంచి చూశాను. ఇది మీరూ నేర్చుకోండి. కాగితం మీద పడ్డ గీత ఏటవాలు వెలుతురులో మెరుస్తుంది, చాలాసార్లు ముఖం దాటి వెనక పరదా మీదికి కూడా పోతుంది. ఫోటోలో ఉన్న మనిషి మీది గాటు అలా మెరవదు, ముఖంలోనే ఆగిపోతుంది. 1200 డి.పి.ఐ.లో కొత్తగా స్కాన్ చేసి, అసలు స్కాన్‌ను ముట్టుకోకుండా కాపీ లేయర్ మీద పని చేశాను. వెనక పరదా మీద, యూనిఫాం గుడ్డ మీద ప్లగిన్లను నడవనిచ్చాను. ముఖం మీద ఒక్క ప్లగిన్‌ను కూడా రానివ్వలేదు. అక్కడ చేతితోనే, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మచ్చ అడిగి తీశాను. "ఇది బూజా, పుట్టుమచ్చా?" అంటే ఆవిడ చెప్పేది. యాభై రెండేళ్ల కిందటి ముఖం ఆవిడకు అంగుళం అంగుళం గుర్తుంది. తెల్లబడిపోయిన చెంప దగ్గర నాకు ఆధారం లేదు. అక్కడ కొత్తగా ఏమీ గీయకుండా మసకగానే వదిలేశాను. రంగు వేయలేదు.

ఫ్రేము చేతికిచ్చినప్పుడు ఆవిడ వేలితో కనుబొమ్మ తడిమింది. "ఇదిగో, వచ్చాడు" అంది. డబ్బులు వద్దంటే ఊరుకోలేదు. "ఆయన ఎవరి దగ్గరా అప్పు ఉంచుకునేవాడు కాడు" అని కొంగుముడి విప్పి లెక్కపెట్టి ఇచ్చింది. పెళ్లికి వెళ్లాను. పందిట్లో అందరికంటే ముందు ఆయనే ఉన్నాడు.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట ప్రత్యేకంగా. ఈ కొత్త ప్లగిన్లలో కొన్ని మీ కంప్యూటర్‌లో పని చేయవు. ఫోటోను నెట్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్‌కు పంపి, అక్కడ మార్చి తిరిగి తెస్తాయి. సెల్‌ఫోన్‌తో తీసిన ఫోటోలో తీసిన సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా దాగి ఉంటాయి. యూనిఫాంలో ఉన్న ఫోటో, క్యాంపు గేటు దగ్గర దిగిన ఫోటో అలాంటి ప్లగిన్‌కు ఇవ్వడమంటే సంతకం లేకుండా మ్యాపు ఇవ్వడమే. 2020 జూలైలో సైన్యం 89 యాప్‌లను ఫోన్లలోంచి తీసేయమన్నది ఊరికే కాదు. నెట్ ఊడదీసి ప్లగిన్ నడిపి చూడండి. నెట్ లేకుండా అది కదలకపోతే మీ ఫోటో బయటికి పోయే రకమని అనుమానించండి. ఆఫీసు కంప్యూటర్‌లో అయితే హుకుం లేకుండా ఏ ప్లగినూ పెట్టవద్దు, ఎంత మంచిదైనా సరే.

కనుక సోదరులారా, ఈ క్లాసులో గుర్తుపెట్టుకోవలసింది ఇంతే. ఎక్కించడం సులువు, ఫోల్డర్ తెలిస్తే చాలు. ఎవరిని లోపలికి రానిస్తున్నామో అడగాలి. రానిచ్చాక ఎక్కడిదాకా నడవనివ్వాలో కూడా మనమే చెప్పాలి. తుడిచే ప్లగిన్‌ను గోడ మీద నడపండి. ఊహించే ప్లగిన్‌ను మన అమరుల ముఖం మీద నడపకండి.

ఇంటికి వెళ్లాక మీ పాత ఫోటోలు ఒకసారి గోడ మీదనుంచి దించి చూడండి. అద్దానికి అతుక్కుపోయి ఉంటే పీకవద్దు, అద్దంతో సహా స్కాన్ చేయవచ్చు. ఫోటోలో ఎవరున్నారో, ఏ యూనిటో, ఏ ఏడో, ముఖం మీద ఏ గాటు ఉండేదో తెలిసిన పెద్దలు ఉండగానే అడిగి వేరే కాగితం మీద రాసి ఫోటోతో కలిపి ఉంచండి. ఆ కాగితం పని ఏ ప్లగినూ చేయలేదు. ఫౌజీల ఇళ్లలో పాత ఫోటోలు ఆదివారం పూట నా దుకాణానికి తెస్తే ఉచితంగా చేసి ఇస్తాను. ఒకటే షరతు. ఆ మనిషిని కళ్లారా చూసినవాళ్లను వెంట తీసుకురండి.

 వెనక నిలబడ్డవాళ్లు ఇక కూర్చోవచ్చు.

జై హింద్.